రాత్రి చెవిలో "కీ…" మంటోందా? పోచంపాడ్ నిశ్శబ్దంలో నేను టెస్ట్ చేసిన ఫోన్ సెట్టింగ్స్, గాడ్జెట్స్

లైట్ ఆఫ్ చేసి, ఫోన్ చార్జింగ్‌కి పెట్టి, దిండు మీద తల పెట్టగానే చెవిలో సన్నగా "కీ…" అని మొదలవుతుందా? కొందరికి పాత డబ్బా టీవీ ఆన్ చేసినట్టు, కొందరికి కుక్కర్ ఆవిరిలా "స్స్…" అని, ఇంకొందరికి చెవి లోపలే కీచురాళ్లు కాపురం పెట్టినట్టు. పక్కన పడుకున్నవాళ్లకి మాత్రం ఏమీ వినిపించదు. దీని పేరు టిన్నిటస్. మన ఇళ్లల్లో చెవిలో హోరు, చెవిలో గుయ్యిమనడం అంటారు.

నాకు ఇది 14 నెలలుగా ఉంది, ఎక్కువగా ఎడమ చెవిలో. నేను హైదరాబాద్‌లో బ్యాకెండ్ డెవలపర్‌ని. నెలలో రెండు వారాలు మా ఊరు పోచంపాడ్ నుంచే పని చేస్తా. ఈ సైట్‌లో నేను రాసేవి ఎక్కువగా ఇయర్‌బడ్స్ రివ్యూలే. ఈసారి రివ్యూ ఆ చెవులకే రాత్రిపూట ఏది పనికొస్తుంది, ఏది డబ్బు దండగ అన్నదాని మీద. ముందే ఒక మాట: ఈ మోతని స్విచ్ ఆఫ్ చేసే యాప్ ఏదీ లేదు. మోత ఉన్నా నిద్రపోయే సెటప్ మాత్రం ఉంది. అందులో చాలా భాగం మీ ఫోన్‌లో ఇప్పటికే ఉంది, ఫ్రీగా.

రాత్రే ఎందుకు ఎక్కువ?

హైదరాబాద్ రూమ్‌లో నాకు ఈ శబ్దం పెద్దగా తెలిసేది కాదు. కింద రోడ్డు, పక్క ఫ్లాట్ ఏసీ, వాటర్ మోటార్, ఎప్పుడూ ఏదో ఒక మోత. పోచంపాడ్ వస్తే సీన్ మారిపోతుంది. హైవే లారీల శబ్దం గాలి వాటాన్ని బట్టి ఎప్పుడో ఒకసారి వస్తుంది. మిగతా టైమంతా నిశ్శబ్దం. ఊరు ప్రశాంతంగా ఉంటుందని అందరూ అంటారు కదా, చెవిలో మోత ఉన్నవాడికి ఆ ప్రశాంతతే పరీక్ష.

ఇది శబ్దం పెరగడం వల్లా, చుట్టూ తగ్గడం వల్లా అని తేల్చిపెట్టింది కరెంట్ కోత. ఎండాకాలం ఒక రాత్రి ఫ్యాన్ ఆగింది. ఆగిన రెండు సెకన్లలో నా చెవిలో మోత రెట్టింపు అయినట్టు అనిపించింది. ఫోన్‌లో డెసిబుల్ మీటర్ యాప్ ఓపెన్ చేసి పెట్టుకున్నా. కరెంట్ వచ్చి ఫ్యాన్ తిరగ్గానే రీడింగ్ 15 డెసిబుల్స్ దాకా పెరిగింది, చెవిలో కీచు వెనక్కి పోయింది. ఫోన్ మైక్‌లు కాలిబ్రేట్ చేసినవి కావు కాబట్టి అసలు నంబర్‌ని నమ్మొద్దు, తేడా చూడండి చాలు. ఆ రెండు నిమిషాల్లో నా చెవిలో ఏదీ మారలేదు. మారింది గదే.

చలికాలంలో కూడా ఇదే కథ. మా వైపు డిసెంబరు, జనవరిల్లో ఫ్యాన్ వేసుకునేవాడు ఉండడు. "ఈ మధ్య చెవిలో శబ్దం ఎక్కువైంది" అని భయపడేవాళ్లు ముందు ఒకటి గుర్తు చేసుకోండి: మీ ఫ్యాన్ ఎప్పుడు ఆగింది?

దీనికి పూర్తి రివర్స్ కూడా చూశా. వానాకాలంలో శ్రీరాంసాగర్ నిండి గేట్లు ఎత్తితే గోదావరిలోకి నీళ్లు దూకే హోరు దూరానికి కూడా వినిపిస్తుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు ఇది, మొత్తం 42 వరద గేట్లు. గేట్లు ఎత్తి ఉన్న రాత్రుల్లో నాకు చెవి మోత గుర్తే రాలేదు. నీళ్ల హోరులో తక్కువ నుంచి ఎక్కువ దాకా అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసి ఉంటాయి. చెవిలోని సన్నటి కీచు అందులో కలిసిపోతుంది.

లోపల ఏం జరుగుతోంది: నైట్ మోడ్ ఫొటో ఉదాహరణ

చీకట్లో ఫొటో తీస్తే ఫోన్ ఏం చేస్తుంది? వెలుతురు చాలక ఐఎస్ఓ పెంచుతుంది. దాంతో ఫొటో నిండా ఇసుక చల్లినట్టు గ్రెయిన్ వస్తుంది. ఆ గ్రెయిన్ బయట ఎక్కడా లేదు, సెన్సర్‌లో ఉన్న చిన్న అలజడినే ఫోన్ పెద్దది చేసి చూపించింది. పగటి ఫొటోలోనూ ఆ అలజడి ఉంటుంది, వెలుతురు దాన్ని కప్పేస్తుంది.

టిన్నిటస్‌ని వివరించడానికి శాస్త్రవేత్తలు చెప్పే ప్రధాన సిద్ధాంతాల్లో ఒకటి దాదాపు ఇలాగే ఉంటుంది. లోపలి చెవిలో కాక్లియా అనే నత్తగుల్ల ఆకారపు భాగంలో సుమారు 15,000 సన్నటి వెంట్రుక కణాలు ఉంటాయి. శబ్దాన్ని నరాల సిగ్నల్‌గా మార్చేది ఇవే. పెద్ద శబ్దాలు, వయసు, కొన్ని మందులు వీటిని దెబ్బతీస్తాయి. మనుషుల్లో ఇవి మళ్లీ పుట్టవు. ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర సిగ్నల్ తగ్గితే, మెదడు ఆ చానెల్ గెయిన్ పెంచుతుంది. అప్పుడు నరాల్లో ఎప్పుడూ ఉండే చిన్న గుసగుస శబ్దంలా వినిపిస్తుంది.

1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు వినికిడి బాగానే ఉన్న 80 మందిని సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెట్టి ఏం వినిపిస్తోందో చెప్పమన్నారు. 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినిపిస్తోందన్నారు. అంటే గది మరీ నిశ్శబ్దంగా ఉంటే ఆరోగ్యంగా ఉన్న చెవి కూడా ఏదో ఒకటి వినిపిస్తుంది. ఇక ఎంతమందికి ఉందంటే, 2022లో జామా న్యూరాలజీ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 14 శాతం మందికి టిన్నిటస్ అనుభవం ఉంది. జీవితాన్ని ఇబ్బంది పెట్టేంత తీవ్రంగా ఉన్నవాళ్లు 2 శాతం పైన. కాబట్టి రాత్రి రెండింటికి గూగుల్ చేస్తూ "నాకొక్కడికేనా?" అనుకోనక్కర్లేదు.

బోధన్ వైపు ఉండే మా మామయ్య ఒక రైస్ మిల్లులో చాలా ఏళ్లు పనిచేశాడు. నా సంగతి చెప్తే నవ్వి, "మిల్లు బంద్ అయి పదేండ్లాయె రా, నా చెవులల్ల ఇంకా నడుస్తనే ఉంది" అన్నాడు. పదేళ్లుగా ఎవరికీ చెప్పలేదట. చెప్పినా ఏం చేస్తరు, అని. ఈ ఆర్టికల్ రాయాలనిపించింది ఆ మాట విన్నాకే.

టెస్ట్ 1: ఐఫోన్ బ్యాక్‌గ్రౌండ్ సౌండ్స్

2021లో ఐఓఎస్ 15తో వచ్చిన ఫీచర్ ఇది. చాలామంది ఐఫోన్ యూజర్లకు ఇది ఉందనే తెలియదు. సెట్టింగ్స్ → యాక్సెసిబిలిటీ → ఆడియో అండ్ విజువల్ → బ్యాక్‌గ్రౌండ్ సౌండ్స్. వాన, సముద్రం, వాగుతో పాటు బ్యాలెన్స్‌డ్, బ్రైట్, డార్క్ నాయిస్ ఉంటాయి. నెట్ అక్కర్లేదు, యాడ్స్ లేవు, స్క్రీన్ ఆఫ్‌లో నడుస్తుంది. కంట్రోల్ సెంటర్‌లో హియరింగ్ బటన్ యాడ్ చేసుకుంటే చీకట్లో రెండు ట్యాప్‌లతో ఆన్ అవుతుంది. నాకు బాగా కుదిరింది వాన. చెల్లెలి పాత ఐఫోన్ తీసుకుని మూడు వారాలు వాడా. ఈ లిస్టులో సులువైన ఆప్షన్ ఇదే.

టెస్ట్ 2: ఆండ్రాయిడ్

గూగుల్ క్లాక్ యాప్‌లో బెడ్‌టైమ్ ట్యాబ్ ఉంటుంది. అందులో స్లీప్ సౌండ్స్ పెట్టుకుంటే సెట్ చేసిన టైమ్‌కి ఆగిపోతాయి. యూట్యూబ్‌లో "10 గంటల వాన" వీడియోలు కూడా ట్రై చేశా. ప్రీమియం లేకపోతే మధ్యలో యాడ్ వస్తుంది. అప్పుడే కన్ను మూతపడుతుంటే లోన్ యాప్ జింగిల్ పేలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా రాత్రంతా డేటా, స్క్రీన్, బ్యాటరీ. దీనికి మార్కులు సున్నా.

టెస్ట్ 3: మన ఫైల్ మనమే చేసుకోవడం

ఈ సైట్ చదివేవాళ్లకి నా ఫస్ట్ చాయిస్ ఇదే. ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. జెనరేట్ మెనూలో నాయిస్ నొక్కితే మూడు రకాలు కనిపిస్తాయి. వైట్ నాయిస్‌లో అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా శక్తి సమానం, చెవికి కాస్త గరుకుగా ఉంటుంది. పింక్ నాయిస్ ఒక్కో ఆక్టేవ్‌కి 3 డెసిబుల్స్ చొప్పున తగ్గుతూ పోతుంది, వాన పడుతున్నట్టు ఉంటుంది. బ్రౌనియన్ 6 డెసిబుల్స్ చొప్పున తగ్గుతుంది, దూరంగా నీళ్లు దూకుతున్న హోరులా ఉంటుంది.

కనీసం గంట నిడివి పెట్టండి. నిమిషం క్లిప్‌ని లూప్ చేస్తే అతుకు దగ్గర చిన్న టిక్ వస్తుంది. మెదడు దాన్ని పట్టేసి, తర్వాతి టిక్ కోసం కాపు కాస్తుంది. మోనోలో 64 కేబీపీఎస్ ఎంపీ3గా సేవ్ చేస్తే గంట ఫైల్ సుమారు 29 ఎంబీ. మీ ఇంట్లోని ఏ పాత ఫోన్ అయినా సరిపోతుంది. సిమ్ తీసేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, నైట్ డ్యూటీ ఇవ్వండి.

గేట్లు ఎత్తిన రోజు డ్యామ్ దగ్గర ఫోన్‌తో ఆ హోరు కూడా 20 నిమిషాలు రికార్డ్ చేశా. మైక్ మీద గాలి కొట్టి, జనం సెల్ఫీల అరుపులు కలిసి, సగం ఎడిటింగ్‌లో పోయింది. మిగిలిన ఏడు నిమిషాలని పింక్ నాయిస్‌తో కలిపి గంట ఫైల్ చేశా. ఇప్పటికీ నా ఫేవరెట్ అదే. సైన్స్ పరంగా అందులో స్పెషల్ ఏమీ లేదు, వింటుంటే ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది, అంతే.

టెస్ట్ 4: స్పీకర్, ఇయర్‌బడ్స్, ఏఎన్‌సీ

ఫోన్ స్పీకర్‌లో బేస్ రాదు కాబట్టి బ్రౌనియన్ నాయిస్ పల్చగా వినిపిస్తుంది. పింక్ అయితే ఓకే. చిన్న బ్లూటూత్ స్పీకర్ ఉంటే తేడా బాగా తెలుస్తుంది. కొనేటప్పుడు ఒక్కటి చెక్ చేయండి: వాల్యూమ్ బాగా తగ్గిస్తే కొన్ని మోడల్స్ సిగ్నల్ లేదనుకుని వాటంతటవే ఆఫ్ అవుతాయి. దాన్ని తల పక్కన పెట్టకండి, గదికి అవతలి మూలలో పెట్టండి. శబ్దం గదిలో ఉండాలి, చెవిలో కాదు.

ఇయర్‌బడ్స్ పెట్టుకుని పడుకోవడం నాకు నచ్చలేదు. చెవి మూసుకుపోయి, గుబిలి లోపలికి తోసుకుపోతుంది, పక్కకు తిరిగితే నొప్పి. ఏఎన్‌సీ ఆన్ చేసి శబ్దం ఏదీ ప్లే చేయకుండా పడుకుంటే ఇంకా ఘోరం. బయటి మోత పోయి, లోపలి మోత స్టేజ్ ఎక్కుతుంది. పగలు మాత్రం ఏఎన్‌సీ మన ఫ్రెండే. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ బస్సులో ఇంజిన్ శబ్దాన్ని దాటి పాట వినాలంటే మామూలు బడ్స్‌లో వాల్యూమ్ బాగా పెంచాలి. ఏఎన్‌సీ ఉంటే సగం వాల్యూమ్ సరిపోతుంది.

టెస్ట్ 5: స్మార్ట్‌వాచ్ స్లీప్ స్కోర్

రెండు వారాలు పెట్టుకుని తీసేశా. పొద్దున్నే "58, పూర్" అని చూస్తే ఆ రోజంతా పాడు. ఆ రాత్రి స్కోర్ గురించి ఆలోచన, ఆ ఆలోచనతో నిద్ర పోవడం లేటు. నిద్ర ఇబ్బంది ఉన్నవాళ్లు కొన్నాళ్లు వాచ్‌ని చార్జర్ మీద పడుకోబెట్టడం మంచిది.

"క్యూర్" యాప్స్, కాస్ట్లీ డివైజ్‌ల సంగతి

యాప్ స్టోర్లలో "7 రోజుల్లో టిన్నిటస్ మాయం" టైప్ సబ్‌స్క్రిప్షన్లు కనిపిస్తాయి. డబ్బు కట్టకండి. మీ మోత ఫ్రీక్వెన్సీ కనుక్కోవడానికి టోన్ జనరేటర్ వాడాలనిపిస్తే వాల్యూమ్ అట్టడుగున పెట్టి మొదలుపెట్టండి. పై ఫ్రీక్వెన్సీలు చిన్నగా అనిపిస్తున్నాయని పెంచుకుంటూ పోతే ఉన్న చెవి కూడా దెబ్బతింటుంది. జింకో బిలోబా మాత్రలు, జింక్, మెలటోనిన్ టిన్నిటస్‌కి వద్దని అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల అకాడమీ 2014 గైడ్‌లైన్‌లోనే చెప్పింది.

నిజంగా పరీక్షలకు నిలబడ్డ హార్డ్‌వేర్‌లో లెనైర్ ఒకటి. నాలుక మీద సన్నటి కరెంట్ స్పందనలు, చెవిలో శబ్దాలు కలిపి ఇస్తుంది. 2023 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించింది. నిపుణుల పర్యవేక్షణలో వాడే డివైజ్ ఇది, సేల్‌లో కొని ట్రై చేసేది కాదు. వినికిడి లోపం కూడా ఉన్నవాళ్లకి మామూలు హియరింగ్ ఎయిడే చాలాసార్లు పనిచేస్తుంది. బయటి శబ్దం సరిగ్గా అందితే లోపలి మోత వెనక్కి జరుగుతుంది.

వాల్యూమ్ ఎంత పెట్టాలి?

నాకు ఆడియాలజిస్ట్ చెప్పిన వాటిలో అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇది. చెవి మోత పూర్తిగా మునిగిపోయేంత సౌండ్ పెట్టొద్దు. మోతా, బయటి శబ్దమూ రెండూ కొంచెం కొంచెం వినిపించే దగ్గర ఆపాలి. మోతను పూర్తిగా కప్పేస్తే మెదడు దానికి అలవాటు పడే అవకాశమే ఉండదు, శబ్దం ఆగిన క్షణం మళ్లీ ఉలిక్కిపడుతుంది. రెండూ పక్కపక్కన ఉంటే, "ఇదేదో ప్రమాదం కాదులే" అని మెల్లగా పక్కన పెట్టడం నేర్చుకుంటుంది. గోడ గడియారం టిక్ టిక్ మనకి వినిపించడం మానేసినట్టు. దీనికి రోజులు కాదు, నెలలు పడుతుంది. నాకు తేడా తెలిసింది నాలుగో నెలలో.

నిద్ర భాగం

మోత ఒక సమస్య, మోత గురించిన భయం ఇంకో సమస్య. నిద్రని తినేసేది ఎక్కువగా రెండోది. టిన్నిటస్ వల్ల వచ్చే బాధని తగ్గించడంలో మంచి ఆధారాలు ఉన్న పద్ధతి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, సీబీటీ. 2020 కోక్రేన్ సమీక్ష కూడా ఇది జీవితం మీద టిన్నిటస్ ప్రభావాన్ని తగ్గించవచ్చనే చెప్పింది. శబ్దం తగ్గకపోవచ్చు, దాని పట్టు తగ్గుతుంది.

అందులోంచి నేను రోజూ పాటించేవి మూడు. రోజూ ఒకే టైమ్‌కి లేవడం, రాత్రి ఎంతసేపు పడుకున్నా సరే. ఇరవై నిమిషాలు దాటినా నిద్ర రాకపోతే లేచి, డిమ్ లైట్‌లో బోరింగ్ పని ఏదైనా చేసి, కళ్లు బరువెక్కాకే మళ్లీ పడుకోవడం. ఇక మూడోది, "ఇప్పుడు ఎంత సౌండ్ ఉంది?" అని చెక్ చేసుకోకపోవడం. ఇది ప్రొడక్షన్ సర్వర్‌కి ప్రతి సెకనూ పింగ్ కొట్టడం లాంటిది. మానిటరింగే లోడ్ అయిపోతుంది.

ఒక రాత్రి నేను వరండాలో కూర్చుని ఉంటే అమ్మ లేచొచ్చి, "ఏం బిడ్డా, నిద్ర పడ్తలేదా?" అంది. అప్పుడే మొత్తం చెప్పా. గోరువెచ్చటి వెల్లుల్లి నూనె చెవిలో పోస్తానంది. అదొక్కటి వద్దన్నా. కర్ణభేరికి రంధ్రం ఉంటే నూనె లోపలికి పోయి ఇన్ఫెక్షన్ తెస్తుంది. కానీ ఇంట్లో ఒకరికి తెలిశాక రాత్రులు కొంచెం తేలికయ్యాయి. మీరు కూడా ఎవరికో ఒకరికి చెప్పండి.

ఉన్న చెవిని కాపాడుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 80 డెసిబుల్స్ దగ్గర 40 గంటలు సేఫ్. ప్రతి 3 డెసిబుల్స్‌కి టైమ్ సగం అవుతుంది. 83 దగ్గర 20 గంటలు, 89 దగ్గర 5 గంటలు, 101 దగ్గర వారం మొత్తానికి 19 నిమిషాలే. ఇప్పుడు ట్రాక్టర్ మీద డీజే బాక్సులు పెట్టిన నిమజ్జనం ఊరేగింపుని గుర్తు చేసుకోండి. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు. ఊళ్లల్లో మాత్రం మన చెవిని మనమే చూసుకోవాలి. బాక్సుల ముందు కాకుండా వెనక నడవండి, జేబులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి.

ఫోన్‌లో చేయాల్సింది ఒక్క నిమిషం పని. ఐఫోన్‌లో సౌండ్స్ అండ్ హాప్టిక్స్ → హెడ్‌ఫోన్ సేఫ్టీలో రెడ్యూస్ లౌడ్ ఆడియో ఆన్ చేసి 80 దగ్గర పెట్టండి. శాంసంగ్‌లో సౌండ్స్ అండ్ వైబ్రేషన్ → వాల్యూమ్ → మూడు చుక్కల మెనూలో మీడియా వాల్యూమ్ లిమిట్ ఉంటుంది.

యాప్స్ ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సింది ఎప్పుడు?

• ఒక చెవి వినికిడి హఠాత్తుగా తగ్గితే ఆ రోజే వెళ్లండి. మొదటి కొద్ది రోజుల్లో మొదలుపెట్టిన చికిత్సే ఎక్కువగా పనిచేస్తుంది.
• మోత గుండె కొట్టుకున్నట్టు ధక్ ధక్ అని తాళంలో వస్తుంటే.
• మోత ఒకే చెవిలో ఉంటే, కళ్లు తిరుగుతుంటే, చెవి కారుతుంటే.
• తలకి దెబ్బ తగిలాక, లేదా కొత్త మందు మొదలుపెట్టాక వస్తే. మందు మీరే ఆపేయకండి, రాసిన డాక్టర్‌ని అడగండి.

నాది ఒకవైపే ఎక్కువ కాబట్టి నేను మొదటి నెలలోనే వెళ్లా. ఆడియోగ్రామ్‌లో 4 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న గుంట కనిపించింది, మిగతా అంతా నార్మల్. కొందరికి కారణం గుబిలి గడ్డకట్టడమే అయి ఉంటుంది, ఐదు నిమిషాల్లో క్లీన్ చేస్తే పోతుంది. మా జిల్లావాళ్లకి నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీ ఉంది. వినికిడి పరీక్షలకి సికింద్రాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. నిద్రలేమితో మనసు మరీ కుంగిపోతుంటే, బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే టెలి మానస్ నంబర్ 14416కి కాల్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రయినా ఎత్తుతారు.

ఫైనల్ వెర్డిక్ట్

• బడ్జెట్ సున్నా: పాత ఫోన్, గంట పింక్ నాయిస్ ఫైల్, ఫ్లైట్ మోడ్. ముందు ఇదే మొదలుపెట్టండి.
• ఐఫోన్ ఉంటే: బ్యాక్‌గ్రౌండ్ సౌండ్స్, వాన.
• కొంచెం ఖర్చు పెట్టగలిగితే: చిన్న బ్లూటూత్ స్పీకర్, గది మూలలో. కరెంట్ పోయినా నడుస్తుంది, ఫ్యాన్ కంటే ఇదొక ప్లస్.
• స్కిప్: రాత్రి ఏఎన్‌సీ బడ్స్, క్యూర్ సబ్‌స్క్రిప్షన్లు, స్లీప్ స్కోర్.
• మస్ట్ బై: ఒక్క ఆడియోగ్రామ్. కొత్త బడ్స్ కొనే ముందు అది చేయించుకోండి.

మొన్న ఆదివారం మామయ్య ఫోన్‌లో ఆ డ్యామ్ హోరు ఫైల్ వేసిచ్చా. నిజామాబాద్‌లో వినికిడి పరీక్షకి వచ్చే వారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం. మీ ఇంట్లో కూడా పదేళ్లుగా చెప్పకుండా మోసుకుంటున్నవాళ్లు ఒకరుంటారు. ఈ రాత్రి ఒకసారి అడిగి చూడండి.